నేను మెరుగు పెట్టిన సముద్రం

పాలిష్ పట్టడం తప్ప నాకింకే విద్యా రాదంటే మా ఆయన నవ్వుతాడు గానీ, అది నిజం. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరి కార్ఖానాల్లో ఒకదాని లాబ్‌లో ఉద్యోగమంతా అదే చేశాను. ఉక్కు ముక్క కోసి చేతికిస్తారు. దాన్ని గరుకు కాగితం మీద, తర్వాత ఇంకాస్త నున్నటి కాగితం మీద, చివరికి గుడ్డ చుట్టిన చక్రం మీద రుద్ది రుద్ది అద్దంలా చెయ్యాలి. అప్పుడే మైక్రోస్కోపు కింద దాని లోపలి గుణం కనిపిస్తుంది. ఒక్క గీత మిగిలిందంటే చాలు, అది తారురోడ్డంత వెడల్పుగా కనబడి పరువు తీసేస్తుంది.

మా లాబ్‌లో ఒక అలవాటుండేది. కాగితాల దాకా అందరం ఒకలాగే చేసేవాళ్లం. ఆఖరి మెరుగు దగ్గరికొచ్చేసరికి ఎవరి గుట్టు వాళ్లది. ఏ పొడి వేశారు, నీళ్లెంత కలిపారు, చెయ్యి ఎటు తిప్పారు, ఎవరూ నోరు విప్పేవారు కాదు. అడిగితే "హాథ్ కా కమాల్ హై" అనేవారు. అంతా చేతి మహిమేనట! నేనూ అదే నేర్చుకున్నాను. అంతమంది మగాళ్ల మధ్య ఒక్క ఆడమనిషిని కదా, ఆ మాట నాకు వాళ్లకన్నా ఎక్కువ అవసరమయ్యేది. నా ముక్కలు బాగుంటే పొడి గొప్పంటారేమోనని భయం. నా చెయ్యే గొప్పని అనిపించుకోవాలి. అదీ నా యావ.

నా గుట్టు ఒక గులాబీ రంగు పొడి. ఉక్కుకి తెల్లపొడి వాడేవాళ్లం. కొలిమిలోంచి వచ్చే చిట్టెం గాజులాగా పెళుసుగా ఉంటుంది, దానికి తెల్లపొడి లొంగేది కాదు. దానికి నేను ఈ గులాబీ పొడి వేసేదాన్ని. దాని పేరేంటో నాకు తెలీదు. సాక్చీ బజార్లో అద్దాల దుకాణం వాడు ప్లాస్టిక్ సంచీలో కట్టి ఇచ్చేవాడు, కారు అద్దాల మీద గీతలు పోగొట్టడానికి వాడేది. రిటైరయ్యాక కూడా ఒక సంచీ వంటింటి అటక మీద ఉంచుకున్నాను. కళ్లజోడు గీరుకుపోతే, గడియారం అద్దం మసకబారితే, వేలితో కాస్త అద్ది రుద్దితే కొత్తదైపోయేది. ఇరుగుపొరుగు వాళ్లు తెచ్చిచ్చేవారు. నేను లోపలికెళ్లి తలుపు దగ్గరికి వేసి రుద్ది, తెచ్చి ఇచ్చి, "చేతి మహిమ" అనేదాన్ని. సిగ్గులేని మనిషిని!

మాకు ఒక్కతే కూతురు. ఈ ఊరి బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది, ఇప్పుడు సిద్ధగోరాలో మాతోనే ఉంటోంది. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది. "ఏటే, తిన్నావా?" అంటే "హా మమ్మీ, ఖా లియా." మా ఇంట్లో సంభాషణ అంతా ఇదే వరస. మా ఆయన రైల్వే యార్డులో ఉద్యోగం చేసినన్నాళ్లూ హిందీ, ఒడియా, తెలుగు కలిపి కొట్టేవాడు కాబట్టి ఆయనకేం పట్టదు. నాకే పట్టేది. కన్నకూతురు ఒక్క తెలుగు ముక్క మాట్లాడదేమని లోపల్లోపల గునిసేదాన్ని.

అది పీహెచ్‌డీ చేస్తోంది, రాళ్ల మీద. చాయిబాసా అవతల ఒక పాత క్వారీలోంచి సున్నపురాళ్లు తెచ్చుకుంది. సున్నపురాయంటే ఈ ఊళ్లో అందరికీ కొలిమిలో వేసే సరుకే. ఇదేటి, సున్నపురాయి మీద చదువేటి అన్నాను. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదట. ఎన్ని కోట్ల ఏళ్ల కిందటో పెద్దవాళ్లింకా దెబ్బలాడుకుంటూనే ఉన్నారట. ఆ సముద్రంలో ఆక్సిజన్ ఉందా లేదా అన్నది దీని ప్రశ్న.

ఒకరోజు నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పింది. రేర్ ఎర్త్ అని కొన్ని మూలకాలున్నాయట. ఒక తల్లి పిల్లల్లాగ అన్నీ ఒకే గుణం, ఎక్కడికెళ్లినా కలిసే వెళ్తాయి. వాటిలో సీరియం అని ఒకటుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అది ఒక్కటీ తోడబుట్టిన వాళ్లని వదిలేసి, తుప్పు రేణువుల్ని పట్టుకుని అడుక్కి దిగిపోతుందట. మిగతావి నీళ్లలోనే ఉంటాయి. ఆ నీళ్లలో పేరుకున్న రాతిని కరిగించి కొలిస్తే, గ్రాఫు గీతలో అన్నీ వరసగా ఉంటాయి, సీరియం చోట మాత్రం గొయ్యి. గొయ్యి ఉంటే సముద్రానికి ఊపిరున్నట్టు. లేకపోతే లేనట్టు.

"అయితే లేనిదాని కోసం ఎతుకుతున్నావన్నమాట" అన్నాను.

"హా మమ్మీ, జో నహీ హై, వహీ" అని నవ్వింది.

సీరియం అన్న మాట నేను వినడం అదే మొదలు. అటక మీద సంచీకి దానితో చుట్టరికం ఉందని నాకెలా తెలుస్తుంది?

దసరా సెలవులకి అది రాళ్లని ఇంటికి తెచ్చింది. రంపంతో బిస్కెట్లలాగ పల్చగా కోసిన ముక్కలు. వాటిలో సన్నటి పొరలుంటాయి. ఏ పొరలో సన్న డ్రిల్లుతో పొడి తియ్యాలో చూసుకుని గుర్తు పెట్టుకోవాలి. కానీ కోసిన ముఖం మసకమసగ్గా ఉండి పొరలు ఆనడం లేదు. కిటికీ దగ్గర పెట్టుకుని, నీళ్లు చల్లుకుని, కళ్లు చికిలించుకుని తంటాలు పడుతోంది. సాయంత్రం స్నేహితురాళ్లు వచ్చి పందిళ్లు చూడ్డానికి లాక్కుపోయారు.

నా చేతులు ఊరుకుంటాయా? ఒక ముక్క తీశాను. ఉక్కు ముందు ఆ రాయి వెన్నే! గాజు పలక మీద ఉన్నిగుడ్డ పరిచి, గులాబీ పొడి తడిపి రుద్దాను. కాసేపటికి పొరలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. బూడిద రంగు, లేత నీలం, మధ్యలో వెంట్రుకంత నల్లగీత. ఓలమ్మో, ఎంత అందంగా ఉందని! రిటైరయ్యాక నా చేతికి సరైన పని దొరకడం అదే మొదలు. మా ఆయన వచ్చి చూసి, "అడక్కుండా ముట్టుకున్నావేటే?" అన్నాడు. "దానికి నేను అమ్మని, నన్ను అడగమనడానికి నువ్వెవరు?" అని కసిరాను.

అది తిరిగొచ్చి, ముక్క లైటు కింద పెట్టి అరిచినంత పని చేసింది. "మమ్మీ! యే కైసే కియా?"

ఎలా చేశావని అడిగింది. అప్పుడు నేను గులాబీ పొడి అని ఉంటే చాలు. అటక మీద సంచీ దించి చూపించి ఉంటే చాలు. అది సీరియం కోసం రోజంతా తల బాదుకునే పిల్ల, రంగు చూసి పట్టేసేది. నేనేమన్నాను? చెయ్యి పైకెత్తి తిప్పి చూపించి, "హాథ్ కా కమాల్" అన్నాను.

అది నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. మర్నాడు మిగతా ముక్కలన్నీ నా ముందు పెట్టింది. నేను తలుపు దగ్గరికి వేసుకుని అన్నీ మెరిపించాను.

ఆ తర్వాత దాని ఫలితాలొచ్చాయి. సీరియం చోట గొయ్యి లేదు సరికదా, గుట్ట ఉంది. దాని గైడ్ ముందు నమ్మలేదు. తర్వాత ఇద్దరూ కూర్చుని పాత పుస్తకాలు తిరగేసి ఒక కథ కట్టారు. సముద్రంలో బాగా లోతున, ఆక్సిజన్ లేని చోట, ఆ తుప్పు రేణువులు కరిగిపోయి తాము మోసుకొచ్చిన సీరియంని వదిలేస్తాయట. మన రాయి అలాంటి చోట పుట్టిందన్నమాట. దాని థీసిస్‌కి అదే గుండెకాయ అయింది. నేను ఊరుకున్నానా? పక్కింటావిడకీ, పాలవాడికీ, మా లాబ్ పాతవాళ్లకీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. చాయిబాసా సముద్రానికి ఊపిరి లేదని మా అమ్మాయి కనిపెట్టిందని.

థీసిస్ ఇచ్చేముందు అందరి ముందూ చెప్పాలట. ఇంటివాళ్లు కూడా రావచ్చంది. మా ఆయనకి ఆ రోజు మోకాలు నొప్పి. నేనొక్కదాన్నే పట్టుచీర కట్టుకుని వెళ్లి ఆఖరి వరసలో కూర్చున్నాను. అది ఇంగ్లీషులో గడగడా చెబుతోంది. సగం అర్థం కాకపోయినా తెర మీద నా ముక్కల ఫోటో వచ్చేసరికి గుండె పొంగిపోయింది. గది మొత్తం నా పాలిష్ చూస్తోంది!

బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందు వరసలో ఉన్నాడు. అంతా అయ్యాక, ఆ ఫోటో మళ్లీ పెట్టమన్నాడు. ఇంత బాగా పాలిష్ ఎవరు పట్టారని అడిగాడు. మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. "మా అమ్మ సర్. మెటలోగ్రఫీ లాబ్‌లో చేసేది. అక్కడే ఉంది" అని ఇంగ్లీషులోనే చెప్పి నన్ను చూపించింది.

తలలన్నీ నావైపు తిరిగాయి. నేను లేచి నిలబడ్డాను. ఆయన హిందీలోకి మారి, చాలా మర్యాదగా, ఆఖరి పాలిష్ దేనితో పట్టారమ్మా అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని గుట్టు ఆ రోజు చెప్పాను. అంత పెద్ద చదువులాయన అడిగాడు, అంతమంది వింటున్నారు, కూతురు గర్వంగా చూస్తోంది. ఇంతకన్నా గౌరవం ఏముంటుంది అనుకున్నాను. గొంతు సవరించుకుని, "గులాబీ పౌడర్ సర్. కాచ్ ఘిస్నే వాలా. సాక్చీలో దొరుకుతుంది" అన్నాను. అద్దాలు రుద్దేదని చెయ్యి తిప్పి కూడా చూపించాను.

ఆయన కళ్లజోడు తీశాడు. గులాబీ రంగేనా, అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. అప్పుడాయన నాతో కాదు, తన బల్లతో చెబుతున్నట్టు తల వంచుకుని, "అది సీరియం ఆక్సైడ్" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గులా మార్చారు. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా అమ్మాయికి పట్టలేదు. అది తెర మీద తన గుట్ట వైపు తిరిగి చూస్తోంది. సముద్రం అడుగున ఏ లోతూ లేదు, ఏ కథా లేదు. ఉన్నదంతా మా అటక మీది సంచీ. రాతి సందుల్లోకి నేను రుద్ది రుద్ది ఎక్కించిన పొడి.

"గల్తీ మేరీ హై సర్," అంది మైకులో. "మైనే పూఛా నహీ." తప్పు తనదేనట, తను అడగలేదట. తెర ఆపేసింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నాకూ తోచలేదు. పట్టుచీరలో గుంజలాగ అలాగే నిలబడి ఉన్నాను.

ఆటోలో ఇంటికొచ్చాం. "ఎలగయ్యింది?" అని మా ఆయన గుమ్మంలోనే అడిగాడు. అది చెప్పులు విప్పుకుని గదిలోకెళ్లిపోయింది. నేను వంటింట్లోకెళ్లి అటక మీంచి సంచీ దించాను. ముందూ వెనకా తిప్పి చూశాను. దాని మీద ఒక్క అక్షరం లేదు. పేరు కూడా తెలియని దాన్ని గుట్టు, గుట్టు అని ఇన్నేళ్లూ దాచుకున్నాను. పెద్ద పనిమంతురాలిని! చెంపలు వాయించుకోవాలనిపించింది. కూతురి చదువులో నా చేతి మహిమ చూపించాను, బాగానే చూపించాను.

అది నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి, కంచం విసిరికొట్టి ఉంటే నేనూ నాలుగు అని, ఏడ్చి, తేలికపడేదాన్ని. అది మామూలుగానే తినేది, మామూలుగానే "హా మమ్మీ" అనేది. పక్కింటావిడ "మీ అమ్మాయి సముద్రం ఏమైంది?" అని అడిగితే, "నీకెందుకమ్మా, ఎండబెట్టాం" అని మొహం మీదే తలుపేశాను. ఆ తర్వాత కుళాయి దగ్గరికి పోవాలంటే మొహం చెల్లలేదు. పాలవాడి ముందు కూడా తల దించుకునే గిన్నె పట్టేదాన్ని.

కొత్త రాళ్ల కోసం అది మళ్లీ చాయిబాసా వెళ్లింది. చీకటి పడకముందే బూట్ల నిండా బురదతో తిరిగొచ్చింది. వట్టి చేతులతో. క్వారీ గుంట నిండా నీళ్లట. తను రాళ్లు తీసిన గోడ వైపు పేల్చేసి తవ్వుకుపోయారట. ఇంక ఆ పొరలు ఈ భూమ్మీద ఉన్నాయంటే మా ఇంట్లో ఉన్న ముక్కల్లోనే. అవి పోతే దాని థీసిస్ పోయినట్టే. వాళ్ల నాన్నతో చెబుతుంటే గోడవతల నిలబడి విన్నాను. ఎదురుగా వెళ్లే మొహం నాకు లేదు.

రెండు వైపులా మెరుగు పెట్టినదాన్ని కదా, ఏ వైపూ వదల్లేదు. దాని గైడ్ ఒక దారి చెప్పాడట. మెరుగు పట్టిన ముఖాన్ని రెండువైపులా పూర్తిగా అరగదీసెయ్యాలి. పగుళ్లున్న ముక్కలు పారెయ్యాలి. ముందు ఒకటి చేసి, కొలిచి, శుభ్రంగా వస్తేనే మిగతావి. రంపానికిస్తే రంపమే సగం తినేస్తుంది, ముక్కలు అంత పల్చన. చేత్తోనే చెయ్యాలి, సమంగా, ఎక్కడా ఎక్కువా తక్కువా లేకుండా.

అది ముక్కలు తెచ్చి వెనక వరండాలో నా ముందు పెట్టింది.

"నేను ముట్టుకోనమ్మా, నీకు దండం పెడతాను," అన్నాను. "చేసింది చాలదా?"

"ఔర్ కౌన్ కరేగా?" అంది. ఇంకెవరు చేస్తారట. గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఉన్న మాట అన్నట్టు అంది. ఒక షరతు మాత్రం పెట్టింది. ప్రతి వస్తువూ ముట్టుకునే ముందు అదేమిటో పైకి చెప్పాలి.

కొత్త పళ్లెం, కొత్త గరుకు కాగితాలు, లాబ్ నుంచి తెచ్చిన శుద్ధమైన నీళ్లు, చేతులకి తొడుగులు. నేను ఒక్కొక్కటీ చూపించి చెప్పేదాన్ని, పాఠం అప్పజెప్పినట్టు. "ఇది సిలికాన్ కార్బైడ్ కాగితం. ఇవి నువ్వు తెచ్చిన నీళ్లు. ఇంకేటీ లేదు." అది తలూపాకే రుద్దేదాన్ని. జన్మలో ఎప్పుడూ నా పని పక్కన ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఇప్పుడు కూతురు నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది, దొంగని కనిపెట్టుకుని ఉన్నట్టు. దొంగనే మరి. ఒళ్లంతా చచ్చిపోయినట్టుండేది.

మొదటి ముక్క మెరుగంతా పోయి సుద్దలాగ అయిపోయింది. అది తీసుకెళ్లింది. ఫలితం వచ్చిన రోజు ఫోన్ చేసి వాళ్ల నాన్నతో మాట్లాడింది, నాతో కాదు. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నా వైపు చూసి, "గొయ్యి ఉందట" అన్నాడు. నేను స్టవ్ కట్టేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అంటే ఆ సముద్రానికి మొదట్నించీ ఊపిరి ఉంది. మధ్యలో ముక్కు మూసింది నేను. సంతోషమే, ఎందుకు కాదు. కానీ ఆ సంతోషం నోరారా ఎవరికి చెప్పుకోను?

మిగతా ముక్కలు అరగదీయడం మొదలుపెట్టాం. కొన్ని పగుళ్లతో పోయాయి. పోయిన ప్రతిదాన్నీ అది పక్కన పెడుతుంటే నేను తల పక్కకి తిప్పుకునేదాన్ని. ఆఖరికి ఒక్క ముక్క మిగిలింది. దసరా నాడు నేను మొట్టమొదట రుద్దింది. లేత నీలం పొరలు, వెంట్రుకంత నల్లగీత. దానికన్నా బాగా నేనేదీ మెరిపించలేదు, ఉద్యోగంలో కూడా. కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆగింది.

అప్పుడడిగింది అది. హిందీలో కాదు. చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని మాట్లాడిన భాషలో, మాటలు వెతుక్కుంటూ.

"ఆ రోజే పొడి పేరు... ఎందుకు చెప్పలేదమ్మా?"

అబద్ధం చెప్పడానికి ఇంక నా దగ్గర ఏ మాటా మిగల్లేదు. "చెప్తే పొడి గొప్పయిపోద్ది," అన్నాను. "నా చెయ్యి గొప్పవదు కదా అని."

నా చేతిలోని ముక్కని కాదు, తొడుగేసుకున్న నా చేతిని చూస్తూ అంది.

"వేరేవాళ్లు పాలిష్ చేసి ఇస్తే అడిగేదాన్నే. దేనితో చేశావని ఫస్ట్ అదే అడుగుతాం. నువ్వు కదా అని అడగలేదు. నిజంగా నీ చెయ్యే అనుకున్నాను."

నేను తలెత్తలేకపోయాను. "సిలికాన్ కార్బైడ్ కాగితం," అన్నాను నేల చూస్తూ. "నువ్వు తెచ్చిన నీళ్లు. ఇంకేటీ లేదు."

అది తలూపిందో లేదో చూడలేదు. రుద్దడం మొదలుపెట్టాను.